నసీమా దూది పరుపులు, మార్టూరు

మంగళగిరి,
జూలై 3.

పిన్నికి సలాం.

ఫోన్ చేస్తే "ఆఁ? ఏందీ?" అంటావు. మూడోసారికి నేను అరుస్తాను, అరిచానని నువ్వు అలుగుతావు. ఇన్నేళ్లూ దూది ఏకే మిషన్ పక్కన కూర్చుని పాడుచేసుకున్న చెవులతో పోట్లాడే ఓపిక నాకు లేదు. "ఉత్తరం రాయవే, తీరిగ్గా చదువుకుంటా" అని నువ్వే అన్నావు గనక రాస్తున్నాను. కోడి గీకినట్టున్నాయని మాత్రం నా అక్షరాలకు పేరు పెట్టకు.

ఉద్యోగం వచ్చింది పిన్నీ! చీరల కొట్టు మీద మేడలో ఆఫీసు. మెట్లెక్కుతుంటే కొత్త చీరల గంజి వాసన. మా పైఅధికారి రాఘవ గారు. ఫోన్లలో కనబడే ప్రకటనలు నడపడం మా పని. నాకింకా ఓనమాలు కూడా సరిగ్గా రావు, అయినా ఒక ప్రకటన మొత్తం తెచ్చి నా చేతిలో పెట్టారు. మూడు నెలలు చూస్తారట. బాగా నడిపితే ఉంచుతారు, లేకపోతే ఇంటికే.

అదేం పనో చెప్తాను. ఎవరైనా ఫోన్లో "పరుపులు" అని వెతికారనుకో, అన్నిటికంటే పైన మా ప్రకటన వస్తుంది. దాన్ని వేలితో నొక్కితే షోరూం పేజీ తెరుచుకుంటుంది. ఎంతమంది నొక్కారో సాయంత్రానికి నా ముందు కనబడుతుంది. ఎంత ఎక్కువమంది నొక్కితే నాకు అంత పేరు!

పరుపులు అన్నానని ఉలిక్కిపడకు. అవును, గుంటూరులో ఒక ఫోము పరుపుల షోరూం. పేరు హంసతల్పం. నీ దగ్గర దబ్బనం పట్టడం నేర్చుకున్న పిల్లకి దొరక్క దొరక్క ఈ పని దొరికింది. నీకు చెప్పకుండా చేస్తే నిద్ర పట్టదని ముందే చెప్పేస్తున్నాను.

బాబాయికి సలాం.
నీ సైమా


మార్టూరు,
జూలై 9.

ఏమే సైమా,

నీ ఉత్తరం బాబాయి పైకి చదివాడు. "మన పిల్ల ఫోము వాళ్ల దగ్గర చేరిందా!" అని మిషన్ ఆపి మరీ నవ్వాడు. అలీ సాహెబ్ గారు పని ఆపి నవ్వడం మా పెళ్లయ్యాక ఇదే మొదటిసారేమో.

దీనికి నిద్ర పట్టకపోవడం దేనికే? ఫోము కావాలన్నవాళ్లు మన గడప తొక్కరు. దూది కావాలన్నవాళ్లు ఆ అద్దాల షోరూము మెట్లెక్కరు. ఎవరి గిరాకీ వాళ్లది. నీ పని నువ్వు శుభ్రంగా చేసుకో. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో, ప్రకటనలో అబద్ధం రాయకు. ఫోము మీద పడుకుంటే వీపు చల్లగా ఉంటుందని రాశావో, నేనే గుంటూరు వచ్చి గొడవ పెడతాను.

పోయినేడు నువ్వు మన కొట్టు పేరు ఫోన్లో ఎక్కించి పేజీ పెట్టావు చూడు, ఇప్పుడు మా కంచంలో అన్నం దాని పుణ్యమే. ఒంగోలు వాళ్లు, చిలకలూరిపేట వాళ్లు "నసీమా దూది పరుపులు" అని మన పేరే కొట్టి వెతుక్కుని ఫోన్ చేస్తున్నారు. రోడ్డు మీద బోర్డు చూసి ఆగేవాళ్లు ఎప్పుడో తగ్గిపోయారు. ఫోన్ షహనాజ్ ఎత్తుతుంది, నా చెవుల సంగతి తెలిసిందేగా. నాతోపాటు కుట్టే వాళ్లందరిలోకీ దానికే కాస్త నెమ్మదిగా మాట్లాడడం వచ్చు.

శ్రావణం పెళ్లిళ్లకని బాబాయి దూది బేళ్లు దించాడు. లోపల అడుగుపెట్టే చోటు లేక నేను గుమ్మంలో కూర్చుని కుడుతున్నాను. పక్కనున్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల రాతి దుమ్ము పడకుండా వాటి మీద పట్టాలు కప్పడం ఒక పని, అవి గాలికి లేచిపోతుంటే పట్టుకోవడం ఇంకో పని.

తిండి సరిగ్గా తిను.
మీ పిన్ని


మంగళగిరి,
జూలై 20.

పిన్నీ,

పరువు పోయింది.

ఏ మాట వెతికినవాళ్లకి మా ప్రకటన కనబడాలో మేమే ఎంచి పెట్టాలి. ఆ మాటల్లోనే అంతా ఉంది. హంసతల్పం పరుపులకి కాటన్ తొడుగు ఉంటుంది కదా అని నేను "కాటన్" అని పెట్టాను. గుంటూరు జిల్లాలో, అదీ పత్తి విత్తే రోజుల్లో! రైతులు విత్తనాలో పురుగుమందో వెతుక్కుంటుంటే పైన మా పరుపు ప్రత్యక్షం. పాపం నొక్కారు. ఒకాయన షోరూముకి ఫోన్ చేసి "గులాబీ పురుగుకి ఏం కొట్టమంటారండీ?" అని అడిగాడట. షోరూం ఆయన రాఘవ గారి మీద అరిచారు, రాఘవ గారు నన్ను పిలిచి తలుపు వేశారు.

ఆ మాట తీసేశాను. ఇప్పుడు తప్పు నొక్కులు లేవు, అసలు నొక్కులే లేవు. పొద్దున వచ్చి ఆ ఖాళీనే మళ్లీ మళ్లీ తెరిచి చూస్తున్నాను. నా తర్వాత చేరిన కార్తిక్ ప్రకటన దూసుకుపోతోంది. అతను నా వైపు జాలిగా చూస్తాడు, అదింకా మంట.

అమ్మకి చెప్పకు. ఉద్యోగం పోతే పోయిందనే చెప్తాను, పోయేదాకా వద్దు.

సైమా


మార్టూరు,
జూలై 26.

పిచ్చి సైమా,

చదివి ముందు నవ్వాను. తర్వాత నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

నువ్వు మొదట కుట్టిన పరుపు గుర్తుందా? నాలుగు మూలలు నాలుగు దిక్కులకు పోయాయి. అది ఎవరికీ అమ్మకుండా నేనే ఇంట్లో వేసుకున్నాను, ఇప్పటికీ దాని మీదే పడుకుంటున్నాను. అప్పుడు ఏడ్చావా? ఇప్పుడెందుకు ఏడుపు?

నొక్కేవాళ్లు కావాలి, అంతేగా. నాకో ఉపాయం తట్టింది. అదేంటో చెప్పను. పని అయ్యాక చెప్తాను, అప్పుడు నువ్వే వచ్చి నా కాళ్లు పడతావు. షహనాజ్‌కి, ఎదురింటి పిచ్చమ్మకి కూడా చెప్పి పెట్టాను.

పెళ్లిళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ఒంగోలు నుంచి ఒకామె కూతురు పురిటికి వస్తోందని బూరుగు దూది దిండ్లు అడిగింది. చేతికి తీరిక లేదు, అందుకే ఇంతటితో ఆపుతున్నాను.

మీ పిన్ని


మంగళగిరి,
ఆగస్టు 8.

పిన్నికి,

నా ప్రకటన లేచింది!

రాఘవ గారు ఒక కిటుకు చెప్పారు. "పరుపులు అని ఊరికే వెతికేవాళ్లు కొనరు సైమా. ఫలానా కొట్టు అని పేరు కొట్టి వెతుకుతారు చూడు, వాళ్లు కొనడానికే వస్తారు. వాళ్లకి మన ప్రకటన చూపించు" అన్నారు. ఇది అందరూ చేసేదేనట. అలాగే కొన్ని పేర్లు పెట్టాను. ఏ పేర్లని అడగకు, ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదు.

నీకొక విచిత్రం చెప్పనా? నా ప్రకటన అందరికంటే ఎక్కువ నొక్కుతున్నది మీ మార్టూరు వాళ్లే. గ్రానైట్ డబ్బుతో కొత్త ఇళ్లు కట్టుకున్నారు, ఫోము పరుపులకి ఎగబడుతున్నారని రాఘవ గారికి గొప్పగా చెప్పాను. ఇప్పుడు మీ వైపే ఇంకా ఎక్కువగా చూపిస్తున్నాం. రాఘవ గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. కార్తిక్ వచ్చి ఎలా చేశావని అడిగాడు.

పని ఎక్కువై నిద్ర సరిగ్గా పట్టడం లేదు. అంతకుమించి ఏం లేదు.

నీ సైమా


మార్టూరు,
ఆగస్టు 19.

సైమా,

నీకు మెప్పు వచ్చిందని చదివి షహనాజ్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకుని ఎంత నవ్వామో. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు మా గోడు విను. ఫోన్ మోగడం లేదు. రోజుకి ఒకటి కూడా రావడం గగనమైంది. శ్రావణం అయిపోవచ్చింది, దించిన బేళ్లు దించినట్టే ఉన్నాయి. ఆ దిండ్లు అడిగిన ఒంగోలు ఆమె మళ్లీ ఫోన్ చేస్తానని చేయలేదు. షహనాజ్ తనే చేస్తే, "మీ పేరు చూసే నొక్కానమ్మా, వాళ్లే మాట్లాడి దిండ్లు పంపించేశారు, మీ మనుషులే అనుకున్నా" అందట. ఏంటో షహనాజ్‌కి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

నువ్వు పెట్టిన పేజీ చెడిపోయిందేమో ఒకసారి చూడవే. నువ్వు చూస్తే తెలిసిపోతుంది కదా, ఎంతమంది వస్తున్నారో, ఎందుకు రావడం లేదో.

మిషన్‌కి కరెంటు బిల్లు కట్టడం దండగ, అమ్మేసి పాలిషింగ్ యూనిట్లో పనికి పోతానంటున్నాడు బాబాయి. ఈ వయసులో రాతి దుమ్ములోకి! దూది ఏకడం వాళ్ల నాయన నుంచి వచ్చిన పని. సైమా ఏం చెప్తుందో చూద్దాం, ఆగమన్నాను. నీ మాట కోసం చూస్తున్నాం.

మీ పిన్ని


మంగళగిరి,
ఆగస్టు 25.

పిన్నికి,

పేజీ చూశాను. బాగానే ఉంది. ఈ ఏడు అందరికీ గిరాకీ తక్కువగానే ఉందట. దసరాకి పుంజుకుంటుందేమో.

పనిలో ఉన్నాను. వివరంగా తర్వాత రాస్తాను.

సైమా


మార్టూరు,
సెప్టెంబరు 14.

సైమా,

వివరంగా రాస్తానన్నావు, రాయలేదు. పని ఒత్తిడి అనుకున్నాను.

మిషన్ అమ్మేశాం. నరసరావుపేట నుంచి వచ్చి ట్రక్కు మీద ఎక్కించుకుపోయారు. నువ్వు పేజీ బాగానే ఉందన్నావు, గిరాకీయే లేదన్నావు, ఇక దేనికోసం ఆగుతాం? బాబాయి వాళ్లకి బెల్టు ఎలా బిగించాలో దగ్గరుండి చూపించాడు. వాళ్లు వెళ్లాక మిషన్ ఉన్న చోట నేల ఊడ్చాడు. ఎన్నడూ చీపురు పట్టని మనిషి. సోమవారం నుంచి పాలిషింగ్ యూనిట్‌కి పోతున్నాడు. సాయంత్రం వస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉంటాయి. కొట్టంతా చప్పుడు లేక నా చెవులకి ఏదోలా ఉంది.

ఏడుపు కబుర్లు చాలు. నీ మూడు నెలలు దగ్గరపడుతున్నాయి కదా, నా ఉపాయం ఇప్పుడు చెప్తాను.

నీ ప్రకటన నొక్కుతున్నది మేమే! పొద్దున నమాజు కాగానే మొదట నేను, తర్వాత షహనాజ్, పిచ్చమ్మ, వీధిలో ఫోన్లున్న ఆడవాళ్లందరం. టీ తాగే ముందు సైమా ప్రకటన ఒకసారి నొక్కాలి, అది మా వీధి నియమం. మళ్లీ మధ్యాహ్నం దబ్బనాలు పక్కన పెట్టినప్పుడు. పిచ్చమ్మకి చదువు రాదు, హంస బొమ్మ చూసి నొక్కుతుంది. గ్రానైట్ వాళ్లు ఎగబడుతున్నారని నువ్వు రాస్తే మేం పడీ పడీ నవ్వింది అందుకే.

ఇంకోటి కూడా చెప్పాలి. మొదట్లో "పరుపులు" అని కొట్టేవాళ్లం. ఒకరోజు మన పేజీ ఉందో లేదో చూద్దామని మన పేరే కొట్టాను. పైన నీ ప్రకటన! దాని నెత్తిన "నసీమా దూది పరుపులు" అని నా పేరు! నొక్కితే హంసతల్పం వచ్చింది. నా పేరు కింద వాళ్ల కొట్టు ఎందుకుందో నాకు బోధపడలేదు. కొత్త పిల్ల కదా, ఎక్కడో ఒకదానికొకటి కలిపేసుకుందిలే అనుకున్నాను. అడిగితే నీ ఆఫీసులో తెలిసిపోయి నీ ఉద్యోగానికి ముప్పు వస్తుందేమోనని అడగలేదు. అప్పటి నుంచి నా పేరు కొట్టే నొక్కుతున్నాను, త్వరగా దొరుకుతోందని.

నీ ఉద్యోగం నిలబడితే చాలు. ఇంట్లో ఒకరి పని పోయింది, ఇంకొకరిదైనా ఉండాలి.

మీ పిన్ని


మంగళగిరి,
సెప్టెంబరు 18.

పిన్నీ,

కలిపేసుకోలేదు. కావాలనే పెట్టాను.

రాఘవ గారు పేర్లు పెట్టమన్నారు. పెద్ద పెద్ద షోరూముల పేర్లు పెట్టాను, వాటికి నొక్కులు రాలేదు. అప్పుడు నాకు మన పేజీ గుర్తొచ్చింది. నీ పేరు కొట్టి రోజూ ఎంతమంది వెతుకుతారో నాకు కనబడుతుంది. అది ఇంకెవరికీ తెలియదు, పేజీ పెట్టింది నేను గనక నాకు మాత్రమే తెలుసు. ఒక్క వారం పెట్టి తీసేద్దామనుకున్నాను. వెతికిన మాటే ప్రకటన నెత్తిన పడేలా ఒక ఏర్పాటు ఉంటుంది, అది కూడా పెట్టాను. అలా నీ కోసం వెతికినవాళ్లు నీ పేరు చూసి, నువ్వే అనుకుని నొక్కి, హంసతల్పానికి పోయారు. ఒంగోలు ఆమె చెప్పింది అదే. ప్రకటనలో అబద్ధం రాయకు అన్నావు. నీ పేరునే అబద్ధం చేసి పెట్టాను.

ఫోన్ మోగడం లేదని నువ్వు రాశాక తీసేశాను. ఒక్కసారిగా నొక్కులు పడిపోయాయి. భయమేసి మళ్లీ పెట్టేశాను. పెట్టేసి నీకు "పేజీ బాగానే ఉంది" అని రాశాను. ఆ ఉత్తరం వేసి వస్తూ పోస్టు డబ్బా దగ్గర చాలాసేపు నిలబడ్డాను. చెయ్యి లోపలికి పెట్టి తీసుకోవచ్చేమోనని చూశాను కూడా. ఆరోజు నిజం రాసి ఉంటే మిషన్ ఇంట్లోనే ఉండేది.

ఇంకా ఉంది. ఒక్కో నొక్కుకీ షోరూం ఆయన జేబులోంచి డబ్బు పోతుంది పిన్నీ. మొదటి ఉత్తరంలో ఆ సంగతి నీకు రాయలేదు. ఎంతమంది నొక్కితే అంత పేరు అని గొప్పలు పోయే తొందరలో అసలు మాట వదిలేశాను. మీరు ప్రేమగా నొక్కిందంతా ఆయనకి నష్టం. మార్టూరు నుంచి అంత వస్తోందని నేను మీ చుట్టుపక్కల ఇంకా ఎక్కువ చూపించాను, దాంతో నీ దగ్గరికి రావలసిన మిగతా నలుగురు కూడా అటే పోయారు. నా పని నిలబెట్టింది నువ్వు. నీ పని తీసేసింది నేను.

నీ ఉత్తరం చదివిన వెంటనే నీ పేరు తీసేశాను. రాఘవ గారికి అంతా చెప్పాను. అంతకుముందే షోరూం ఆయన ఫోన్ చేసి, "నొక్కినవాళ్లు ఇంతమంది, కొన్నవాళ్లు ఇంత తక్కువేంటండీ?" అని అడిగారట. రాఘవ గారు అరవలేదు. "పేర్లు పెట్టమన్నది నేనే. మీ పిన్ని పేరు పెట్టమనలేదు కదమ్మా" అన్నారు. నెలాఖరుతో వెళ్లిపొమ్మన్నారు.

బాబాయికి ఈ ఉత్తరం పైకి చదవమని చెప్పకు. కాదు, చదవమనే చెప్పు. క్షమించమని అడగాలని ఉంది, అడగడానికి నోరు రావడం లేదు.

సైమా


మార్టూరు,
అక్టోబరు 6.

సైమా,

ఇన్ని రోజులూ నీకు రాయలేదు. రాస్తే తిట్లే వస్తాయని ఆగాను. ఇప్పుడూ అవే వస్తున్నాయి, అయినా రాస్తున్నాను.

నువ్వు వాడుకున్నది నా పేరు అనుకుంటున్నావు. పేరు పోతే పోయిందే. మా ఇంటికి ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో చూడగలిగే కిటికీ ఒకటి నీకిచ్చాం, మన పిల్లే కదా అని. అందులోంచి చూసి వాళ్లకి దారి మళ్లించావు. అదీ నా నొప్పి. పేజీ చూడమని అడిగినప్పుడు నిజం చెప్పి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. బాబాయి పైకే చదివాడు. చదివి మడిచి జేబులో పెట్టుకుని పనికి పోయాడు. ఆయన మనసులో ఏముందో నువ్వు వచ్చి తెలుసుకోవాల్సిందే, నేను చెప్పలేను.

ఆ షోరూం ఆయన సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి. తెలియక చేసినా చేసిందే కదా. బూరుగు దూదితో రెండు దిండ్లు కుట్టి, షహనాజ్‌ని వెంటబెట్టుకుని గుంటూరు పోయాను. జరిగింది చెప్పాను. ఆయన విన్నాడు. "నాకు కోపంగా ఉందమ్మా, దిండ్లతో పోదు" అన్నాడు. పోనక్కర్లేదు అన్నాను. బల్ల మీద పెట్టి వచ్చేశాను. షహనాజ్ వెనక్కి తిరిగి చూసిందట, ఆయన వాటిని తీయనూ లేదు, తోసేయనూ లేదట.

నువ్వు నా పేరు తీసేసిన వారానికి ఫోన్ మళ్లీ మోగడం మొదలుపెట్టింది. ఇప్పుడు రోజూ మోగుతోంది. మిషన్ లేదు. బాబాయి అటక మీద నుంచి వాళ్ల నాయన విల్లు దించాడు. పొద్దంతా రాళ్ల పని చేసి, సాయంత్రం పూట ఆ విల్లుతో దూది ఏకుతున్నాడు. మిషన్ గంటలో ఏకే దూది ఆయనకి వారం పడుతోంది. చేతులు బొబ్బలెక్కాయి. ఆ చప్పుడు మాత్రం నాకు బాగానే వినబడుతోంది.

నీకు ఉద్యోగం లేదు కదా. బయలుదేరి రా. క్షమించానని పిలవడం లేదు, ఆ మాట ఇంకా నా నోటికి రాలేదు. కుట్టడానికి చెయ్యి తక్కువైంది. వచ్చేముందు ఆ పేజీలో ఒకటి మార్చు. ఇక్కడ మిషన్ పని కాదు, చేతి పని, ఆలస్యమవుతుంది, ఆగలేనివాళ్లు వేరే చోట చూసుకోండి అని రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

పొద్దున నమాజు అయ్యాక అలవాటుగా చెయ్యి ఫోను మీదికి పోతోంది. నా పేరు కొట్టి చూస్తున్నాను. నీ ప్రకటన లేదు, పైన నా కొట్టే వస్తోంది. అయినా దాన్ని చూస్తే సంతోషం కలగడం లేదే సైమా.

మీ పిన్ని